సంక్రాంతి అరిసెల తరువాత పేలియో మొదలుపెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

పేలియో అంటే ఆదిమానవుడి తిండి పేరుతో ధాన్యం, పప్పులు, పాలు, పంచదార మానేసి మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, గింజలు తినే పద్ధతి. మధుమేహానికి మందులు వాడుతుంటే, అన్నం మానే ముందే డాక్టరును కలవండి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ పాత మోతాదులోనే కొనసాగితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ తరహా మాత్రలతో ముప్పు వేరు: చక్కెర మామూలుగానే ఉన్నా కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటో ఆమ్లాలు రక్తంలో పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు.

కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి. కిడ్నీ దెబ్బతిన్నవారికి అధిక మాంసకృత్తులు భారం.

శాకాహారులైతే విస్తరిలో ఏం మిగులుతుందో లెక్క వేయండి. కందిపప్పు, శనగలు, పెరుగు, పనీరు అన్నీ నిషేధమే. వేరుశనగ కూడా పప్పుజాతే కాబట్టి పల్లీ చట్నీకీ సెలవు. ఇక మాంసకృత్తులకు బాదం, అక్రోటు వంటి గింజలే దిక్కు. గుడ్డు కూడా ముట్టనివారు దీని జోలికి పోకపోవడమే నయమని నా అభిప్రాయం.

కాల్షియం ఎక్కడినుంచి వస్తుందో ముందే తేల్చుకోండి. పెద్దలకు రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాములు కావాలి. పాలతో పాటు రాగులూ పోతాయి. ముళ్లతో తినే చిన్న చేపలు, తోటకూర కొంత ఆదుకుంటాయి.

అయోడిన్ ఉప్పు మానకండి. గులాబీ ఉప్పులో అయోడిన్ దాదాపు ఉండదు, థైరాయిడ్‌కు అది అవసరం.

లాభం లేదని కాదు. పంచదార, మైదా, ప్యాకెట్ చిరుతిళ్లు పోతాయి, మొదటి నెలల్లో నడుము తగ్గుతుంది. అయితే ఆ మేలు పప్పు, పెరుగు మానకుండానే దక్కుతుంది. ఆదిమానవుడు ధాన్యం ఎరగడన్న మాటా నిజం కాదు: ఇటలీలో 30,000 ఏళ్ల నాటి నూరుడు రాళ్ల మీద పిండి రేణువులు దొరికాయి.