డాంకీస్ ఇయర్స్, యొంక్స్: బ్రిటన్ వాళ్ల దగ్గర ఎలా వాడాలి

బ్రిటన్ వాళ్లతో పని చేస్తుంటే ఎప్పుడో ఒకప్పుడు "హావెంట్ సీన్ యూ ఇన్ డాంకీస్ ఇయర్స్" అని వినపడుతుంది, గాడిద అన్న మాట చెవిన పడగానే తిట్టారేమో అని మనకి డౌట్. తిట్టలేదండీ, నిన్ను చూసి యుగాలైంది అంటున్నారు అంతే.

మధ్యలో గాడిద ఎందుకంటే, 20వ శతాబ్దం మొదట్లో ఏళ్లు అనడానికి ప్రాస కలిపి సరదాగా గాడిద చెవులు అనేవాళ్లు, దాని చెవులూ పొడుగే, చెప్పే కాలమూ పొడుగే కదా, పోనుపోను ఆ చెవులు కాస్తా ఏళ్లైపోయాయి. తెలుగులో రాస్తే రెండూ ఇయర్సే కాబట్టి జోక్ మనకి ఫ్రీగా వచ్చేసింది, కాకపోతే పలికేటప్పుడు ఏళ్లకి ముందు య సౌండ్ కొంచెం తగలాలి. కొందరు ఇయర్స్ కూడా మింగేసి ఒట్టి "డాంకీస్" అంటారు.

యొంక్స్ 1960ల్లో వచ్చిన మాట, అర్థం అదే. ఇక్కడ ఒక తిరకాసు ఉంది, డాక్టర్‌లో డా లాగా సాగదీసి యాంక్స్ అన్నారంటే అమెరికా వాళ్ల గురించి మాట్లాడుతున్నారనుకుంటారు, కాబట్టి ఒ పొట్టిగా పలకండి. ఎప్పుడూ బహువచనమే, ఒక యొంక్, రెండు యొంక్స్ లాంటివి లేవు.

మనవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది సిన్స్ దగ్గర. "సిన్స్ యొంక్స్" అనేస్తాం, అది తప్పు, "ఫర్ యొంక్స్" లేదా "ఇన్ యొంక్స్" అనాలి, ఎప్పుడో జరిగిపోయినదైతే "యొంక్స్ అగో". సిన్స్ కావాలంటే దానికి మొదలు ఒకటి చూపించాలి, అందుకే "సిన్స్ ద ఇయర్ డాట్" మాత్రం కరెక్టే, సృష్టి మొదలైనప్పటి నుంచి అన్నట్టు. అలాగే "ఐ డిడ్ నాట్ సీ యూ ఫర్ యొంక్స్" అనకండి, "హావెంట్ సీన్" అనండి, ఎందుకంటే చూడకపోవడం ఇప్పటిదాకా సాగింది.

ఫ్రెండ్స్‌తో, కొలీగ్స్‌తో ఓకే, జాబ్ అప్లికేషన్‌లో మాత్రం వద్దు. నాకైతే కొత్తవాళ్లు ముందు "ఏజెస్"తో మొదలుపెట్టడం బెటర్ అనిపిస్తుంది, అది మాటల్లో ఎక్కడైనా చెల్లుతుంది. ఎవరైనా మీతో డాంకీస్ ఇయర్స్ అంటే కంగారు పడకుండా "ఐ నో, ఇట్స్ బీన్ ఏజెస్" అనేయండి.