పోర్షే 944 బెల్టులు: ఇంటి గ్యారేజీలో టెన్షన్ చూసుకోవడం

పాత పోర్షే 944 కొన్నామని ఎవరు చెప్పినా నేను ముందు అడిగేది ఒక్కటే: బెల్టులు ఎప్పుడు మార్చారు? దానికి బిల్లు చూపించలేకపోతే బెల్టులు చూసేదాకా కారు తీయకండి. ఈ ఇంజన్‌లో టైమింగ్ బెల్టు తెగితే పిస్టన్లు పైకొచ్చి, తెరుచుకుని ఉన్న వాల్వులను గుద్దేస్తాయి. వాల్వులు వంగుతాయి, హెడ్డు దించాల్సి వస్తుంది.

నాది 1986 మోడల్, 8 వాల్వుల 2.5 లీటర్ల ఇంజన్. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా ఇంటి గ్యారేజీలోనే దాని పనంతా చేసుకుంటాను. మా నాన్నకు విజయవాడ ఆటోనగర్‌లో లారీల షెడ్డు ఉండేది. "ముందు చేత్తో తిప్పి చూడు, ఆ తర్వాతే తాళం తిప్పు" అనేవారు. ఈ కారుకు ఆ మాట అక్షరాలా వర్తిస్తుంది.

ఇంజన్ ముందు వైపు, కవర్ల లోపల ఉండే బెల్టులు రెండు. ఒకటి టైమింగ్ బెల్టు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్టు) నుంచి క్యామ్‌ను (వాల్వులు తెరిచే షాఫ్టును) తిప్పుతుంది. దాని వీపే వాటర్ పంపును కూడా తిప్పుతుంది. రెండోది బ్యాలెన్స్ షాఫ్టులది. నాలుగే సిలిండర్లు, అవీ పెద్దవి కావడంతో ఇంజన్ వణుకు తగ్గించడానికి మిత్సుబిషి దగ్గర లైసెన్సు తీసుకుని రెండు షాఫ్టులు పెట్టారు. అవి క్రాంక్‌కు రెట్టింపు వేగంతో, ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతాయి. అందుకే ఆ బెల్టుకు రెండు వైపులా పళ్లుంటాయి. "అది తెగితే ఏమవుతుంది, కాస్త వణుకుతుంది, అంతేగా" అనేవాళ్లున్నారు. అలా అనుకోవద్దు. తెగిన ముక్క పక్కనే తిరిగే టైమింగ్ బెల్టులో పడి దాన్ని జరిపేసిందంటే మళ్లీ వాల్వులు వంగే నష్టమే.

పని మొదలుపెట్టే ముందు ఇంజన్ పూర్తిగా చల్లారాలి. అల్యూమినియం ఇంజన్ వేడికి సాగుతుంది, దాంతో బెల్టు బిగుసుకుంటుంది, వేడి మీద చూసిన టెన్షన్ (బెల్టు బిగువు) తప్పు చెబుతుంది. 20 డిగ్రీల దగ్గర చూడాలి. జూలైలో ఇక్కడ తెల్లవారుజామున కూడా గ్యారేజీ చల్లగా ఉండదు కాబట్టి నేను ఈ పని నవంబర్‌కు పెట్టుకుంటాను.

బ్యాటరీ నెగటివ్ తీసేయండి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి, ప్లగ్గులు విప్పండి. ప్లగ్గులు లేకపోతే ఇంజన్ చేతికి తేలిగ్గా తిరుగుతుంది. ముందున్న బెల్టు కవర్లు విప్పాక టార్చ్‌తో చూడండి. పళ్ల మొదట్లో పగుళ్లు, అంచుల్లో దారాలు లేవడం, వీపు మీద అద్దంలా మెరుపు, వీటిలో ఏది కనిపించినా ఇక టెన్షన్ చూడక్కర్లేదు, బెల్టు మార్చాల్సిందే. నూనె తడి ఉంటే కొత్త బెల్టు వేసినా లాభం లేదు. క్రాంక్, క్యామ్, బ్యాలెన్స్ షాఫ్టుల సీళ్లలో ఏది కారుతోందో పట్టుకుని ముందు దాన్ని మార్చాలి. వాటర్ పంపు కింద కూలెంట్ మరక ఉందేమో కూడా చూడండి.

ఇప్పుడు 24 మిల్లీమీటర్ల సాకెట్ క్రాంక్ బోల్టుకు తగిలించి, ముందు నుంచి చూస్తే గడియారం తిరిగే వైపే తిప్పండి. క్యామ్ పుల్లీని పట్టుకుని ఇంజన్‌ను ఎప్పుడూ తిప్పకూడదు. రెండు చుట్లు తిప్పి, ఇంజన్ వెనక ఫ్లైవీల్‌ను కప్పే బెల్‌హౌసింగ్ కిటికీలో, ఫ్లైవీల్ మీది ఓటీ గుర్తు (మొదటి సిలిండర్ పిస్టన్ పూర్తిగా పైకొచ్చిందని చెప్పేది) సూదికి ఎదురుగా రానివ్వండి. ఆ గుర్తు క్రాంక్ ప్రతి చుట్టుకూ వస్తుంది కాబట్టి అదొక్కటే చాలదు, క్యామ్ పుల్లీ గుర్తు కూడా వెనక కవరు గాటుకు కలవాలి. బ్యాలెన్స్ షాఫ్టుల పుల్లీ గుర్తులూ వాటి గాట్లకు ఎదురుగా ఉండాలి. ఒక్క పన్ను తేడా ఉన్నా స్టీరింగ్ దాకా వణుకు తెలుస్తుంది.

గుర్తులన్నీ కుదిరాక టైమింగ్ బెల్టు టెన్షన్ కోసం క్రాంక్‌ను కొంచెం వెనక్కి తిప్పాలి. క్యామ్ పుల్లీ మీద అది ఒకటిన్నర పన్ను. వెనక్కి తిప్పేది ఈ టెన్షన్ చూడడానికే, అదీ ఇంతే. టెన్షన్ కొలిచే కంపెనీ గేజు పీ9201 ఖరీదైనది. బయటి కంపెనీల గేజులు కూడా దొరుకుతాయి. ఏది వాడినా మీ మోడల్ సంవత్సరానికి వర్క్‌షాప్ మాన్యువల్ ఇచ్చిన అంకెనే నమ్మండి. పొడవైన వైపు బెల్టును బొటనవేలు, చూపుడువేలుతో 90 డిగ్రీలు మెలితిప్పి చూడడం చాలామంది చేస్తారు. నేనూ చేస్తాను, కానీ తేడా ఉందో లేదో తెలుసుకోవడానికే. సర్దేది మాత్రం గేజుతోనే.

1986 వరకు వచ్చిన కార్లలో టెన్షనర్ (బెల్టును బిగువుగా పట్టి ఉంచే రోలరు) లాక్ నట్టు వదులు చేసి చేత్తో సర్దాలి. 1987 మోడల్ నుంచి టైమింగ్ బెల్టుకు స్ప్రింగ్ టెన్షనర్ వచ్చింది, లాక్ వదిలితే స్ప్రింగే లాగుతుంది, తర్వాత బిగించేయడమే. బ్యాలెన్స్ బెల్టుకు మాత్రం అన్నిట్లోనూ చేత్తోనే. దానికి ఇంకో పని కూడా ఉంది. టెన్షనర్ కాకుండా ఇంకో చిన్న రోలరు ఉంటుంది, అది బెల్టుకు ఆనకూడదు. మధ్యలో అర మిల్లీమీటరు సందు ఉండాలి, ఫీలర్ గేజు (సందు కొలిచే సన్నని రేకు) పెట్టి చూడండి. ఈ సందును చాలామంది పట్టించుకోరు. రోలరు ఆనితే బెల్టు ఊరికే అరిగిపోతుంది.

బిగించాక మళ్లీ రెండు చుట్లు తిప్పి, గుర్తులూ టెన్షనూ మొదటి నుంచి చూడండి. నట్టు బిగించేటప్పుడే టెన్షనర్ కొంచెం జరుగుతుంది, అందుకే ఈ రెండోసారి చూడడం తప్పనిసరి.

కవర్లు పెట్టి స్టార్ట్ చేశాక చెవి పెట్టి వినండి. ఈల వేసినట్టు సన్నని రొద వస్తుంటే బెల్టు మరీ బిగువైంది. అలాగే వదిలేస్తే వాటర్ పంపు బేరింగు పోతుంది. కొత్త బెల్టులు వేసినవాళ్లు 1,500 నుంచి 2,000 మైళ్లలోపు కవరు విప్పి మళ్లీ టెన్షన్ చూడాలి, ఎందుకంటే కొత్త బెల్టు మొదట్లోనే ఎక్కువ సాగుతుంది. ఆ తర్వాత 45,000 మైళ్ల దాకా ఆగకండి. కారు కదలకపోయినా రబ్బరు ముసలిదవుతుంది, నేనైతే మూడు నాలుగేళ్లకు మార్చేస్తాను. తేదీ, మైళ్లు ఒక టేపు మీద రాసి ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు అంటించండి, రేపు ఆ కారు కొనుక్కునేవాళ్లకూ పనికొస్తుంది.