ఒట్టోమన్ చెకుముకి పిస్టల్ ఏ కాలానిదో తేలకపోతే

ముందు లోపల తుపాకి మందు ఉందో లేదో చూడండి. సన్నని చెక్క పుల్లను గొట్టంలోకి దింపి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించండి. పుల్ల కొస నిప్పు రంధ్రం (లోపలి మందుకు నిప్పు అందే చిన్న బెజ్జం) దాకా రాలేదంటే లోపల ఏదో అడ్డం ఉంది, అది మందూ గుండూ కావచ్చు. ఇక దాన్ని కదపకుండా పాత తుపాకుల పని తెలిసినవాళ్లను పిలవండి. ఇంత పాతది కదా అని ఈ పరీక్ష మానేసేవాళ్లే ఎక్కువ. దయచేసి మానకండి.

గొట్టం మీద 1215 అని ఉంది

అది హిజ్రీ సంవత్సరం. 0.97తో హెచ్చవేసి 622 కలపండి, సుమారు 1800 వస్తుంది. అరబిక్ అంకెల్లో 5 మన సున్నాలా ఉంటుంది, సున్నా చుక్కలా ఉంటుంది. నిజాం నాణేలు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

కింద కడ్డీ లేదు

పోయిందనుకోకండి. మందు దట్టించే కడ్డీని ఒట్టోమన్ రాజ్యంలో చాలామంది విడిగా నడుముకు కట్టుకునేవారు. కొత్తది చేయించి దూర్చితే పాడుచేసినట్టే.

గొట్టం మీద ఇటలీ పేరు, పిడి మాత్రం బాల్కన్ తీరు

అందరూ బోల్తా పడేది ఇక్కడే. "లాజారినో కొమినాజో" అని కనబడగానే 17వ శతాబ్దం అని చీటీ అంటించేస్తారు. బ్రెషా దగ్గరి గార్దోనేలో కొమినాజోల కుటుంబం గొట్టాలకు పేరుమోసింది నిజమే. అంత పేరుంది కాబట్టే తర్వాతివాళ్లు ఎక్కడెక్కడో ఆ పేరు చెక్కుకున్నారు, స్పెల్లింగు కూడా ఇష్టమొచ్చినట్టు. కొన్ని లాక్‌ల (చెకుముకితో నిప్పు రాజేసే యంత్రం) మీద అక్షరాలైతే ఏ భాషలోనూ చదవడానికి రావు. యూరప్ సరుకులా కనిపిస్తే చాలని కొట్టినవి అవి.

పేరు అసలుదే అయినా అది గొట్టం వయసే చెబుతుంది. మంచి గొట్టాన్ని ఎవరూ పారేసేవారు కాదు, కొత్త లాక్, కొత్త పిడి వేసి మళ్లీ వాడేవారు. అందుకే లాక్ విప్పి చూడండి. అది కూర్చునే చెక్క గాడిలో ఖాళీలు, పూడ్చిన పాత స్క్రూ రంధ్రాలు ఉంటే భాగాలు మారాయన్నమాట. వెండి తొడుగు మీద సుల్తాన్ తుగ్రా (అల్లిబిల్లిగా రాసిన ఆయన సంతకం) ముద్ర ఉంటే అదే గట్టి ఆధారం: మూడవ సెలీమ్ అయితే 1789–1807, రెండవ మహ్మూద్ అయితే 1808–1839. గొట్టానికి, లాక్‌కి, పిడికి విడివిడిగా తేదీ రాసుకోండి. వాటిలో అన్నిటికన్నా తర్వాతిదే పిస్టల్ ఈ రూపానికి వచ్చిన కాలం.

నిప్పు రంధ్రం గొట్టం లోపలిదాకా తొలవకపోతే అది గోడకు తగిలించడానికి చేసిన బజారు సరుకు. క్యాప్ పద్ధతికి (చెకుముకి బదులు చిన్న మందు టోపీని కొట్టి పేల్చడం) మార్చి, మళ్లీ చెకుముకికి తిప్పినవి కూడా ఎక్కడో ఒకటి తగులుతాయి. మొదట చూడాల్సింది అది కాదు.