నీల్ ద్వీపం వెళ్తున్నారా? ముందు ఆటుపోట్ల వేళ చూసుకోండి

అండమాన్‌లోని నీల్ ద్వీపానికి, అదే 2018 నుంచి షహీద్ ద్వీప్, ఒక్క రోజుకే వెళ్లేవాళ్లు ముందుగా ఆ రోజు ఆటుపోట్ల వేళలు కనుక్కోండి. ద్వీపంలో లక్ష్మణ్‌పూర్ వైపు సహజంగా ఏర్పడిన రాతి వంతెనను సముద్రం వెనక్కి తగ్గినప్పుడే చూడాలి. అప్పుడు రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు నిలిచి ఉంటాయి. వంగి చూస్తే చిన్న చేపలు, నల్లటి సముద్ర దోసకాయలు (దోసకాయలా ఉండే సముద్ర జీవులు), పగడాలు చేతికందేంత దగ్గరగా కనిపిస్తాయి. చూడండి చాలు, ముట్టుకోవద్దు.

రాళ్లు పాకుడు పట్టి బాగా జారతాయి. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు వేసుకోండి. పగడం మీద మాత్రం అడుగు వేయకండి, దయచేసి. అది ప్రాణమున్న జీవి, విరిగితే మళ్లీ ఎదగడానికి ఏళ్లు పడుతుంది.

ఇదే ద్వీపంలోని భరత్‌పూర్ తీరంలో గాజు అడుగు పడవ ఎక్కాలంటే సముద్రం పోటు మీదున్నప్పుడు వెళ్లండి. ఒడ్డున దొరికిన పగడపు ముక్కైనా సంచిలో వేసుకోవద్దు. 1972 వన్యప్రాణి చట్టం వాటికీ వర్తిస్తుంది.