లాస్ ఏంజిలస్ దగ్గర ఎడారిలో, కొండల్లో టెంట్ వేసుకోవాలంటే: బుకింగ్, పాస్, మంట పర్మిట్

అక్టోబర్ వచ్చిందంటే చాలు, అర్వైన్ నుంచి శాన్ డియేగో దాకా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: నవంబర్ ఆఖర్లో వచ్చే థాంక్స్‌గివింగ్‌ సెలవులకి జాషువా ట్రీ ఎడారి పార్కులో క్యాంపింగ్ అనుకుంటున్నాం, సైట్ (టెంట్ వేసుకునే చోటు) దొరుకుతుందా అని. మామూలుగా అయితే దొరకదు. ఆ వారాంతం సైట్లు మే నెలలోనే అయిపోయి ఉంటాయి. అంటే దరఖాస్తు కష్టమని కాదు, పది నిమిషాల పని. ఎప్పుడు చేయాలి, ఎక్కడ చేయాలి, దేనికి విడిగా డబ్బు కట్టాలి అనేది తెలియకే జనం ఇబ్బంది పడతారు. అది తెలిస్తే మిగతాది కార్డు నంబర్ కొట్టడమే.

ముందు ఒక విషయం. సైట్ బుకింగ్ వేరు, పార్కు ఎంట్రీ వేరు, మంట పెట్టుకునే పర్మిట్ వేరు. ఒకటి కడితే మిగతా రెండూ వచ్చేసినట్టే అనుకుని గేటు దగ్గర "మేం బుక్ చేసుకున్నాం కదా" అని వాదించేవాళ్లు ఉంటారు. గేటులో ఉన్న రేంజర్ (పార్కు ఉద్యోగి) మర్యాదగానే చెబుతారు గానీ ఎంట్రీ డబ్బు మాత్రం కట్టించుకుంటారు.

ఏ వెబ్‌సైట్‌లో?

అది ఆ భూమి ఎవరిదన్న దాన్ని బట్టి ఉంటుంది. జాషువా ట్రీ నేషనల్ పార్క్ కేంద్ర ప్రభుత్వానిది, లాస్ ఏంజిలస్ నుంచి దాదాపు 130 మైళ్లు, ట్రాఫిక్ లేకపోతే రెండున్నర గంటలు (శుక్రవారం సాయంత్రం బయల్దేరితే మాత్రం ఈ లెక్క మర్చిపోండి). బిగ్ బేర్ సరస్సు దగ్గర సెరానో క్యాంప్‌గ్రౌండ్ శాన్ బెర్నార్డినో నేషనల్ ఫారెస్ట్‌లోది, అదీ కేంద్రానిదే. ఈ రెండింటికీ రిక్రియేషన్ డాట్ గవ్. ఆంజా బొరేగో ఎడారి పార్కు, ఐడిల్‌వైల్డ్ ఊళ్లోని క్యాంప్‌గ్రౌండ్ రాష్ట్రానివి కాబట్టి వాటికి రిజర్వ్ కాలిఫోర్నియా డాట్ కామ్. గూగుల్‌లో వెతికితే పైన యాడ్‌లుగా వచ్చే ప్రైవేటు వెబ్‌సైట్ల జోలికి పోవద్దు. వాటిలో కనిపించేవి చాలావరకు ఎవరివో సొంత స్థలాలు, ఈ పార్కుల్లో సైట్ బుక్ చేసుకోవాలంటే ఈ రెండే దారి. బుక్ చేసిన సైట్‌ని ఇంకొకరికి అమ్మడం కూడా నిబంధనలకు విరుద్ధం, కాబట్టి గ్రూపులో ఎవరైనా "నా సైట్ ఉంది, వంద డాలర్లు ఎక్కువిస్తే ఇచ్చేస్తా" అంటే దండం పెట్టేయండి.

అకౌంట్ ముందు రోజే తెరిచి పెట్టుకోండి, ఉచితమే. పేరు, ఈమెయిల్, ఫోన్ నంబర్, అడ్రస్ అడుగుతారు. కార్డు వివరాలు దగ్గర పెట్టుకోండి. బుకింగ్ తెరిచిన నిమిషంలో పాస్‌వర్డ్ మర్చిపోయి రీసెట్ లింక్ కోసం ఎదురు చూస్తే ఆ లింక్ వచ్చేలోపు సైట్లు ఉండవు.

ఆరు నెలల లెక్క

జాషువా ట్రీలో రిజర్వేషన్ ఉన్న సైట్లు మీరు చేరే తేదీకి సరిగ్గా ఆరు నెలల ముందు, పసిఫిక్ టైమ్ ప్రకారం ఉదయం 7 గంటలకు తెరుచుకుంటాయి. 2026 నవంబర్ 27, థాంక్స్‌గివింగ్ తర్వాతి శుక్రవారం, ఆ రోజు చేరాలంటే మే 27 ఉదయం 7కి కూర్చోవాలి. మనకిది కొత్తేం కాదు, తిరుమల 300 రూపాయల దర్శనం కోటా విడుదలయ్యే రోజు ఇంట్లో ముగ్గురు మూడు ఫోన్లు పట్టుకుని కూర్చుంటాం చూశారా, అచ్చం అలాగే. పైగా మే నెలలో ఇక్కడి ఉదయం 7 అంటే ఇండియాలో రాత్రి 7:30, నిద్ర లేవలేనివాళ్లు హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికో మరదలికో పని అప్పజెప్పచ్చు. కాకపోతే వచ్చి ఉండేది ఎవరో వాళ్ల పేరు అక్కడ సరిగ్గా పెట్టించండి.

ఒక చిక్కుంది. ఆరు నెలల గడువు మీరు చేరే తేదీ నుంచి లెక్క. బుధవారమో గురువారమో చేరేలా బుక్ చేసుకున్నవాళ్లు శుక్ర, శని రాత్రులు కూడా కలిపి ముందే తీసేసుకుని ఉంటారు. అందుకే మీరు సరిగ్గా 7కి వెళ్లినా సగం సైట్లు అప్పటికే పోయి కనిపిస్తాయి, వెబ్‌సైట్‌లో తప్పేమీ లేదు. సెలవు పెట్టగలిగితే గురువారం చేరేలా చూసుకోవడం మేలు. పెట్టలేకపోతే ఆదివారం, సోమవారం రాత్రులు చూడండి, స్కూలు పిల్లలు లేని వాళ్లకి అదే హాయి.

రిజర్వ్ కాలిఫోర్నియాలో కూడా ఆరు నెలలే, కానీ సమయం ఉదయం 8. ఈ గంట తేడా రాసి పెట్టుకోండి.

స్క్రీన్ మీద ఏం చేయాలి

రిక్రియేషన్ డాట్ గవ్‌లో క్యాంప్‌గ్రౌండ్ పేరు కొట్టి దాని పేజీ తెరవండి. తేదీలు పెడితే ఒక పట్టిక వస్తుంది, ఎడమ పక్కన సైట్ నంబర్లు, పైన తేదీలు, గడుల్లో అక్షరాలు. 'ఏ' అంటే ఖాళీ, 'ఆర్' అంటే ఎవరో తీసుకున్నారు, 'ఎక్స్' అంటే అసలు ఇవ్వడం లేదు. ఖాళీ గడుల మీద వరసగా నొక్కి కార్ట్‌లో వేయాలి. కార్ట్‌లో పడ్డాక మీకు కొద్ది నిమిషాల గడువుంటుంది, అంతవరకూ ఆ సైట్ ఇంకెవరికీ పోదు, కాబట్టి అప్పుడు టెన్షన్ పడకుండా నింపండి. ఎంతమంది, ఎన్ని వాహనాలు, టెంటా లేక ఆర్‌వీనా (లోపలే పడుకునే బండి) అని అడుగుతారు. చివర్లో నిబంధనలు చదివాను అని టిక్ పెట్టి డబ్బు కట్టేస్తే ఈమెయిల్ వస్తుంది. దాన్ని ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఎందుకంటే పార్కు లోపల చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. పార్కు మ్యాపు కూడా ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

పట్టికలో ఖాళీ కనిపించగానే నొక్కేయకుండా, తీరిక దొరికితే ముందు రోజే సైట్ నంబర్ మీద నొక్కి దాని పేజీ చూడండి. పార్కింగ్ ఎంత పొడవు, నీడ ఉందా, ఫొటోలు ఎలా ఉన్నాయి అన్నీ అక్కడే ఉంటాయి. నచ్చిన నంబర్లు ఒక నాలుగైదు కాగితం మీద రాసుకుంటే ఆ ఉదయం వెతుక్కునే పని తప్పుతుంది.

ఏ క్యాంప్‌గ్రౌండ్?

జాషువా ట్రీలో రిజర్వేషన్‌తో ఇచ్చేవి ముఖ్యంగా జంబో రాక్స్, ఇండియన్ కోవ్, బ్లాక్ రాక్, కాటన్‌వుడ్, రయాన్. జంబో రాక్స్ అన్నిటికన్నా పెద్దది, 120కి పైగా సైట్లు, పెద్ద పెద్ద గుండ్రాళ్ల మధ్యలో టెంట్ వేసుకోవచ్చు, ఫొటోలన్నీ దానివే, అందుకే ముందు అయిపోయేదీ అదే. కానీ అక్కడ చుక్క నీరు ఉండదు. ఇండియన్ కోవ్, రయాన్‌లో కూడా అంతే. తాగునీటి కొళాయిలు ఉండేవి బ్లాక్ రాక్, కాటన్‌వుడ్‌లోనే. చిన్నపిల్లలతోనో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతోనో వెళ్తుంటే నా ఓటు బ్లాక్ రాక్‌కే. యూకా వ్యాలీ ఊరు పక్కనే, నీళ్లున్నాయి, ఏదైనా మర్చిపోతే పదిహేను నిమిషాల్లో కొనుక్కు రావచ్చు. నీళ్లు లేని చోటికి వెళ్తే మనిషికి రోజుకి ఒక గ్యాలన్ తాగడానికే పెట్టుకుని, గిన్నెలు కడగడానికి, మొహం కడగడానికి ఇంకొన్ని క్యాన్లు డిక్కీలో వేసుకోండి. అన్నం వండుకునే ఆలోచన ఉన్నవాళ్లు బియ్యం ఇంట్లోనే కడిగి తెచ్చుకోవడమో, పులిహోర కలిపి తెచ్చుకోవడమో చేస్తే సగం నీళ్లు మిగులుతాయి.

వాతావరణం గురించి ఒక్క మాట, ఎడారి అంటే ఎప్పుడూ వేడే అనుకుని వచ్చేవాళ్లున్నారు. జంబో రాక్స్ 4,400 అడుగుల ఎత్తున ఉంది, డిసెంబర్ రాత్రి నీళ్ల సీసా గడ్డ కట్టేంత చలి వేస్తుంది. వేసవిలో పగలు 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా సైట్లు సులభంగా దొరుకుతున్నాయి కదా అని సంబరపడిపోకండి, దొరికేది అందుకే.

ఎంతమంది పట్టచ్చు

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. జాషువా ట్రీలో మామూలు సైట్‌కి ఆరుగురు మనుషులు, మూడు టెంట్లు, రెండు కార్లు, అంతే. చంటిపిల్లలూ మనుషుల లెక్కలోకే వస్తారు. నాలుగు కుటుంబాలు కలిసి ఒక సైట్ బుక్ చేసి "సర్దుకుందాంలే" అంటే కుదరదు, మూడో కారు పెట్టడానికే చోటుండదు. పక్కపక్కన రెండు మూడు సైట్లు తీసుకోండి, ఒక్కొక్కటి ఒక్కో కుటుంబం పేరు మీద. ఇరవై మంది దాకా అయితే గ్రూప్ సైట్లు విడిగా ఉన్నాయి, షీప్ పాస్, ఇండియన్ కోవ్, కాటన్‌వుడ్‌లలో. వాటిలో ఒక్కోదానికి ఎంతమందో ఆ సైట్ పేజీలోనే రాసి ఉంటుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు చేయకూడదు, కాబట్టి బ్లూటూత్ స్పీకర్‌తో అంత్యాక్షరి ఉంటే సాయంత్రమే కానిచ్చేయండి.

ఎంట్రీ పాస్

జాషువా ట్రీకి కారుకి 30 డాలర్లు, 7 రోజులు చెల్లుతుంది, కారులో ఎందరున్నా అదే. ఏడాదిలో రెండు మూడు నేషనల్ పార్కులు చూసే ఉద్దేశముంటే అమెరికా ది బ్యూటిఫుల్ వార్షిక పాస్ 80 డాలర్లు. 2026 నుంచి ఈ 80 ధర ఇక్కడ నివాసం ఉండేవాళ్లకే, పర్యాటకులుగా వచ్చేవాళ్లకి వార్షిక పాస్ 250. అందుకే విజిట్ వీసా మీద వచ్చిన మామయ్యగారి పేరు మీద పాస్ కొనకండి, కాలిఫోర్నియా డ్రైవింగ్ లైసెన్స్ ఉన్న మీ పేరు మీద కొనండి, పాస్‌తో పాటు ఆ లైసెన్స్ కూడా చూపించాల్సి ఉంటుంది. రాష్ట్ర పార్కుల్లో ఈ పాస్ పనిచేయదు.

మంట పర్మిట్

జాషువా ట్రీలోనో సెరానోలోనో అధికారిక క్యాంప్‌గ్రౌండ్‌లో, అక్కడ పెట్టిన ఇనప చట్రంలోనే మంట వేసుకుంటే విడిగా పర్మిట్ అక్కర్లేదు. బుకింగ్ దొరకక జాషువా ట్రీ చుట్టూ ఉన్న బీఎల్ఎం (కేంద్ర ప్రభుత్వ భూ నిర్వహణ సంస్థ) భూముల్లోనో, నేషనల్ ఫారెస్ట్‌లో క్యాంప్‌గ్రౌండ్ బయటనో టెంట్ వేస్తే మాత్రం కాలిఫోర్నియా క్యాంప్‌ఫైర్ పర్మిట్ తప్పనిసరి. కట్టెల మంటకే కాదు, చిన్న గ్యాస్ స్టవ్ మీద టీ పెట్టుకోవాలన్నా అది ఉండాలి. ఉచితం, ఆన్‌లైన్‌లోనే ఇస్తారు. 18 ఏళ్లు నిండినవాళ్లు ఒక చిన్న వీడియో చూసి, కొన్ని ప్రశ్నలకి జవాబిస్తే పీడీఎఫ్ వస్తుంది. ఆ ఏడాది డిసెంబర్ 31 దాకా చెల్లుతుంది, జనవరిలో మళ్లీ తీసుకోవాలి. మంట చుట్టూ 5 అడుగుల మేర ఎండుగడ్డి, ఆకులు లేకుండా శుభ్రం చేయాలి, పార, నీళ్లు దగ్గరుండాలి, మంట వదిలి ఎవరూ కదలకూడదు. బీఎల్ఎం భూమిలో బుకింగ్ ఉండదు, డబ్బు కట్టక్కర్లేదు, సాధారణంగా 28 రోజుల్లో 14 రోజులు ఉండచ్చు, కానీ మరుగుదొడ్డి గానీ నీళ్లు గానీ ఏమీ ఉండవు.

పర్మిట్ ఉన్నా సరే, కార్చిచ్చు ప్రమాదం పెరిగిన రోజుల్లో మంటలు పూర్తిగా నిషేధిస్తారు, అప్పుడు క్యాంప్‌గ్రౌండ్ చట్రంలో కూడా వేయకూడదు. బయల్దేరే ముందు రోజు ఆ పార్కు లేదా ఫారెస్ట్ పేజీలో హెచ్చరికలు చూడండి. కట్టెలు అక్కడ ఏరుకోవడం జాషువా ట్రీలో నేరం, ఎండిపోయిన కొమ్మ అయినా ముట్టుకోకూడదు. దగ్గర్లోని ఊళ్లో కట్ట కొనుక్కోండి. ఇంటి నుంచి మోసుకొస్తే చెట్లకి పట్టే పురుగుల్ని కూడా మోసుకొచ్చినట్టే. జాషువా చెట్లకి ఉయ్యాల కట్టడం, బట్టలారేసే తాడు కట్టడం కూడా వద్దు.

కొండల మీదికైతే

సెరానోకి దరఖాస్తు పైన చెప్పినట్టే. తేడా ఏమిటంటే, అక్కడ నల్ల ఎలుగుబంట్లున్నాయి. తిండి, చెత్త, టూత్‌పేస్ట్, కొబ్బరినూనె, వాసన వచ్చేదేదైనా టెంట్‌లో పెట్టకూడదు. ఆవకాయ సీసా మూత బిగించి బల్ల కింద పెట్టాం కదా అంటే సరిపోదు, దాని నూనె వాసన మనకన్నా ముందు వాటికి తెలుస్తుంది. సైట్‌లో ఇనప పెట్టె ఉంటే అందులో పెట్టి గొళ్లెం పూర్తిగా పడిందో లేదో చేత్తో లాగి చూడండి, లేకపోతే కారులో పెట్టి అద్దాలు ఎక్కించి తాళం వేయండి. కొండ మీది క్యాంప్‌గ్రౌండ్లు చాలావరకు మంచు కాలంలో మూసేస్తారు, పట్టికలో ఆ నెలల గడులన్నీ 'ఎక్స్'లే కనిపిస్తాయి.

వెళ్లలేకపోతే

రిక్రియేషన్ డాట్ గవ్‌లో రద్దు చేస్తే 10 డాలర్లు పోతాయి, మిగతాది కార్డుకి తిరిగి వస్తుంది. చేరాల్సిన రోజో, దానికి ముందు రోజో రద్దు చేస్తే ఆ 10తో పాటు మొదటి రాత్రి డబ్బు కూడా పోతుంది. అసలు చెప్పకుండా మానేస్తే 20 డాలర్లు, మొదటి రాత్రి డబ్బు. రిజర్వ్ కాలిఫోర్నియాలో మీరు రద్దు చేసుకుంటే రిజర్వేషన్ ఫీజు తిరిగి రాదు. కాబట్టి పిల్లవాడికి జ్వరం వచ్చేలా ఉందని అనుమానమొస్తే రెండు రోజుల ముందే తేల్చుకోండి.

మే నెలలో చూసుకోనివాళ్లకి ఉన్న ఆశ కూడా ఈ రద్దులే. రద్దయిన సైట్లు మళ్లీ పట్టికలో 'ఏ'గా మారతాయి. ఆ క్యాంప్‌గ్రౌండ్ పేజీలో ఖాళీ అయితే చెప్పమని అలర్ట్ పెట్టుకునే సదుపాయం ఉంది, మెసేజ్ రాగానే పరుగెత్తి బుక్ చేయాలి, ఎందుకంటే అదే మెసేజ్ ఇంకా చాలామందికి వెళ్లి ఉంటుంది. ఎక్కువ రద్దులు వచ్చేది ప్రయాణానికి వారం, పది రోజుల ముందు, వాతావరణం కబురు చూశాక. గాలి గంటకి 30 మైళ్లు అని ఉంటే జనం వదిలేస్తారు. మీకు గట్టి మేకులు, బరువైన సుత్తి ఉంటే ఆ సైట్ తీసుకోండి, సాధారణ మేకులతో అయితే వద్దు.