పిల్లల పళ్ళు: ఇంట్లో ఏం చూడాలి, డాక్టరు దగ్గర ఏం అడగాలి

బిడ్డను ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టుకొని, వెలుతురు నోట్లో పడేలా కూర్చొని, చూపుడు వేలితో పై పెదవిని మెల్లగా పైకి ఎత్తండి. ముందు పళ్ళు చిగురును తాకే చోట సుద్దముక్కతో గీసినట్టు తెల్లని చార ఏమైనా కనిపిస్తోందా? పుచ్చు మొదలయ్యేది ఆ చారతోనే. ఈ దశలో పంటికి ఇంకా రంధ్రం పడదు, నొప్పి ఉండదు, సరైన జాగ్రత్త తీసుకుంటే పన్ను మళ్ళీ గట్టిపడుతుంది కూడా. అదే చార గోధుమరంగులోకి మారి వేలికి గరుకుగా తగిలితే, ఇంటి జాగ్రత్తలతో సరిపోయే దశ దాటిపోయిందని అర్థం. పసిపిల్లల్లో ముందుగా పాడయ్యేవి పై వరుసలోని నాలుగు ముందు పళ్ళే. కింది ముందు పళ్ళను నాలుక, లాలాజలం కాపాడుతూ ఉంటాయి కాబట్టి అవి చాలాకాలం బాగానే కనిపిస్తాయి, వాటిని చూసి మనం మోసపోతాం. అందుకే నెలకొకసారైనా పెదవి ఎత్తి చూడడం అలవాటు చేసుకోవాలి.

‘ఎలాగూ ఊడిపోయే పళ్ళే కదా’ అన్న మాట దాదాపు ప్రతి ఇంట్లో వినిపిస్తుంది, పిల్లల పళ్ళకు అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది కూడా ఆ మాటే. పాలపళ్ళు మొత్తం 20. సుమారు ఆరో నెలలో మొదటిది వస్తే, మూడో ఏడు నిండేసరికి అన్నీ వచ్చేస్తాయి. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడిపోయే మాట నిజమే గాని, నమలడానికి వాడే దవడ పళ్ళు 10 నుంచి 12 ఏళ్ళ దాకా నోట్లోనే ఉండాలి. నాలుగేళ్ళ పిల్లవాడి దవడ పంటికి పుచ్చు పడితే, ఆ పంటితో వాడు ఇంకా ఆరేడేళ్ళు అన్నం తినాలన్న సంగతి మరచిపోకూడదు. పైగా పాలపంటి మీది గట్టి పొర పలుచన, లోపలి నరం భాగం పెద్దది; పెద్దవాళ్ళకు ఏళ్ళు పట్టే పుచ్చు పిల్లల్లో నెలల్లోనే నరాన్ని చేరుతుంది. అక్కడ చీము పడితే, కింద తయారవుతున్న శాశ్వత పంటి మొగ్గకు కూడా హాని జరగవచ్చు. పన్ను ముందుగానే తీసేయవలసి వస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, తర్వాత రావలసిన పన్నుకు చోటు దొరక్క వంకరగా వస్తుంది.

పుచ్చుకు అసలు వేళ రాత్రి. నోట్లోని సూక్ష్మజీవులు చక్కెరను తిని ఆమ్లాన్ని విడుదల చేస్తాయి, ఆ ఆమ్లం పంటిని కరిగిస్తుంది. పగలైతే లాలాజలం దాన్ని కడిగేస్తుంది గాని, నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. చక్కెర కలిపిన పాలసీసా నోట్లో పెట్టుకొని నిద్రపోయే బిడ్డ పళ్ళు రాత్రంతా ఆ తీపిలో నానుతూ ఉంటాయి. తేనెలో అద్దిన పీక నోట్లో పెట్టడం ఇంకా ప్రమాదం. ఏడాది లోపు పిల్లలకైతే తేనె అసలే పెట్టకూడదు. తల్లిపాలు బిడ్డకు ఎంతో మంచివి, వాటిని మాన్పించమని ఎవరూ చెప్పరు. అయితే ఏడాది దాటి, పళ్ళు వచ్చిన తర్వాత కూడా రాత్రంతా అడిగినప్పుడల్లా పాలిస్తూ పళ్ళు తుడవకుండా వదిలేస్తే పుచ్చు పడే అవకాశం పెరుగుతుంది. ఏడాది దాటిన బిడ్డకు చేయవలసింది ఇది: రాత్రి చివరిసారి పాలు పట్టాక పళ్ళు శుభ్రం చేయాలి, ఆ తర్వాత తెల్లవారేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకూడదు. సీసాకు అలవాటు పడ్డ బిడ్డకు ఒక్కసారిగా మాన్పించడం కష్టం. కాబట్టి ముందు చక్కెర మానేసి, తర్వాత రోజురోజుకూ రాత్రి సీసా పాలలో కలిపే నీళ్ళ మోతాదు పెంచుతూ, వారం పది రోజుల్లో సీసాలో ఒట్టి నీళ్ళే మిగిలేలా చేయండి. పగటిపూట గ్లాసుతో తాగడం అలవాటు చేసి, ఏడాదిన్నర లోపు సీసాను పూర్తిగా మాన్పించగలిగితే సగం పని అయినట్టే. ఈ విషయంలో ఇంట్లోని పెద్దవాళ్ళందరూ ఒక్క మాట మీద ఉండాలి. అమ్మ మానిపించిన సీసాను ఏడుపు చూడలేక నానమ్మ తిరిగి ఇస్తే ఏ ప్రయత్నమూ నిలవదు.

తిండి విషయంలో ఎంత తీపి తిన్నారన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నదే ముఖ్యం. భోజనం చేసిన వెంటనే తిన్న ఒక లడ్డూ చేసే హాని తక్కువ. గంటకోసారి నోట్లో వేసుకునే బిస్కెట్టు చేసే హాని ఎక్కువ, ఎందుకంటే తిన్న ప్రతిసారీ నోట్లో ఆమ్లం పుట్టి, అది తగ్గడానికి అరగంటకు పైగా పట్టవచ్చు. బిస్కెట్లు, చిప్సు దవడ పళ్ళ గాడుల్లో అతుక్కుపోతాయి. బెల్లం, తేనె ఆరోగ్యకరమన్న నమ్మకం పంటి విషయంలో చెల్లదు, సూక్ష్మజీవులకు అవీ చక్కెరే. పల్లీపట్టీ, నువ్వుండలు పెట్టాలనుకుంటే భోజనంతో పాటే పెట్టి, తర్వాత నీళ్ళతో పుక్కిలింపజేయండి.

మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే బ్రష్ మొదలుపెట్టాలి, రోజుకు రెండుసార్లు, అందులో రాత్రి పూట ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదు. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత పేస్టు, మూడు నుంచి ఆరేళ్ళ వారికి బఠానీ గింజంత పేస్టు చాలు. అందులో పంటిని గట్టిపరిచే ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల పాళ్ళలో వెయ్యి పాళ్ళు) ఉందో లేదో ట్యూబు మీద చదివి కొనండి. బొమ్మలు వేసి పిల్లల పేస్టు అని అమ్మేవాటిలో కొన్నిటిలో ఫ్లోరైడే ఉండదు. పిల్లవాడి వెనక నిలబడి, తల మీ పొట్టకు ఆనించుకొని, రెండు నిమిషాలు మీరే తోమాలి. చొక్కా గుండీలు, బూటు లేసులు సొంతంగా చక్కగా పెట్టుకోగలిగే దాకా, అంటే సుమారు ఏడెనిమిదేళ్ళ దాకా, పళ్ళు తోమడం వాళ్ళ చేతికే వదలకూడదు. తోమాక నురుగు ఉమ్మిస్తే చాలు; వెంటనే నీళ్ళతో పుక్కిలిస్తే పేస్టులోని మేలు కొట్టుకుపోతుంది. బొగ్గు, ఉప్పు, గరుకు పళ్ళపొడి పాలపళ్ళను అరగదీస్తాయి గనుక పిల్లలకు వద్దు.

నల్లగొండ, ప్రకాశం వంటి జిల్లాల్లో బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే ఊళ్ళ వారికి ఫ్లోరైడ్ పేస్టంటే భయం ఉండడం సహజం. అక్కడి పిల్లల శాశ్వత పళ్ళ మీద కనిపించే తెల్లని, గోధుమరంగు మచ్చలకు ముఖ్య కారణం ఎనిమిదేళ్ళ లోపు తాగిన నీరు. భారత ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండడం మంచిది, వేరే దారి లేనప్పుడు కూడా 1.5 దాటకూడదు. నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి ముందు తాగునీటిని మార్చాలి. పేస్టును బియ్యపు గింజంతకు మించనీయకుండా, మింగకుండా చూస్తూ, మీ ఊరి నీటి సంగతి డాక్టరుకు చెప్పి సలహా తీసుకోండి.

ఆరో ఏట మరో ముఖ్యమైన ఘట్టం ఉంటుంది. చివరి పాలపంటి వెనక, ఏ పన్నూ ఊడకుండానే, శాశ్వత దవడ పన్ను నిశ్శబ్దంగా వస్తుంది. ఊడిన ముందు పంటిని ఆవుపేడలో పెట్టి ఇంటి కప్పు మీద వేయించే ఇళ్ళలో సైతం ఈ కొత్త పన్నును ఎవరూ గమనించరు, పాలపన్నే అనుకొని వదిలేస్తారు. దాని లోతైన గాడుల్లో తిండి ఇరుక్కొని తొందరగా పుచ్చిపోతుంది. ఈ పన్ను పూర్తిగా పైకి రాగానే గాడులను మూసే సీలెంట్ పూత వేయించడం, నా దృష్టిలో, పిల్లల పళ్ళ కోసం పెట్టే ఖర్చుల్లో అన్నిటికంటే విలువైనది. మత్తు సూది అక్కర్లేదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

ఇక చికిత్సల సంగతి. మొదటి పరీక్షకు బిడ్డను ఏడాది నిండేలోపే తీసుకెళ్ళాలి. తెల్లని చార దశలో ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు, మూడు నుంచి ఆరు నెలలకోసారి మళ్ళీ వేస్తారు. కుదురుగా కూర్చోలేని చిన్నపిల్లలకు పుచ్చును ఆపడానికి సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ చుక్క వేసే పద్ధతి ఉంది. అది పుచ్చిన భాగాన్ని శాశ్వతంగా నల్లగా మారుస్తుంది కాబట్టి ముందే తెలుసుకొని ఒప్పుకోండి. చిన్న రంధ్రమైతే సిమెంటుతో నింపుతారు. పుచ్చు నరం దాకా వెళ్తే, పాడైన నరం భాగాన్ని తీసి మందు నింపుతారు. పాలపంటికి రూట్ కెనాల్ ఏమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు; అందులో నింపే మందు పంటి వేరుతో పాటే కరిగిపోయేది, కాబట్టి శాశ్వత పంటి రాకకు అడ్డం కాదు. అలా చేసిన దవడ పంటికి స్టీలు క్యాప్ తప్పనిసరిగా వేయించండి. చూడడానికి బాగుండదని మానేసిన వాళ్ళలో చాలామందికి ఆ పన్ను విరిగి, తీయించుకోవలసి వస్తుంది. పన్ను తీయక తప్పకపోతే, ఆ ఖాళీని నిలబెట్టే స్పేస్ మెయింటెయినర్ అవసరమా అని డాక్టరును అడగడం మరవకండి. ఖర్చు భారమైన వాళ్ళు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ ఉన్న ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రులకు వెళ్ళవచ్చు.

పిల్లవాడు అల్లరి చేస్తే ‘పళ్ళ డాక్టరుతో సూది వేయిస్తా’ అని ఇంట్లో ఎన్నడూ బెదిరించకండి. ‘ఏమీ చేయరు’ అని అబద్ధం చెప్పడం కూడా తప్పే. అక్కడ ఏదో ఒకటి చేశాక వాడు మీ మాటనూ, డాక్టరు మాటనూ నమ్మడు. ‘డాక్టరుగారు నీ పళ్ళు లెక్కపెడతారు, శుభ్రం చేస్తారు’ అంటే సరిపోతుంది. మత్తు సూది ఇచ్చిన తర్వాత రెండు మూడు గంటలు పెదవి మొద్దుబారి ఉంటుంది, తెలియక కొరుక్కుంటారు. ఆ సమయంలో ఏమీ తినిపించకుండా పక్కనే కూర్చోండి.

బుగ్గ వాచి జ్వరం వచ్చినా, వాపు కన్ను వైపు గానీ మెడ వైపు గానీ పాకినా, మింగడం కష్టమైనా రాత్రి అని చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆటలో శాశ్వత పన్ను వేరుతో సహా ఊడి పడితే, వేరును ముట్టుకోకుండా పైభాగం పట్టుకొని తీసి, మట్టి అంటితే పాలతో గానీ మంచినీటితో గానీ ఒక్కసారి కడిగి, వీలైతే ఊడిన చోటే వెంటనే పెట్టి, శుభ్రమైన గుడ్డను కొరికిపట్టమనండి. అలా వీలుకాకపోతే చల్లని పాలలో వేసి, అరగంట లోపు దంత వైద్యుని దగ్గరకు చేర్చండి. పన్ను ఎండిపోతే తిరిగి అతకదు. ఊడింది పాలపన్ను అయితే మాత్రం దాన్ని తిరిగి పెట్టకూడదు. కింద ఉన్న మొగ్గ దెబ్బతింటుంది.