అచ్చు చిరగకుండా రాక్షసుడి బొమ్మ బయటికి వచ్చిన విధానం: నా అనుభవం

32 మిల్లీమీటర్ల రాక్షసుడి బొమ్మను ఎపాక్సీ పుట్టీతో (రెండు భాగాలు కలిపితే గట్టిపడే ముద్ద) మలిచి, రెండు ముక్కల సిలికాన్ అచ్చులో రెజిన్ (పోశాక గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) పోసినప్పుడు, గదకూ తొడకూ మధ్య సందులోకి దిగిన సన్నని సిలికాన్ పొర నాలుగైదు పోతలకే చిరిగిపోయేది. మరింత మెత్తని సిలికాన్, అచ్చుకు అంటుకోకుండా కొట్టే రిలీజ్ స్ప్రే ఎక్కువగా వాడడం, నిదానంగా లాగడం, ఇవేవీ ఫలితమివ్వలేదు.

చివరికి మూల బొమ్మనే మార్చాను. ముందుగా అచ్చు రెండుగా విడిపోవలసిన గీతను బొమ్మ చుట్టూ పెన్సిలుతో గీశాను. తరువాత ఒక కన్ను మూసి, అచ్చు ముక్క ఊడివచ్చే దిశ నుంచి సూటిగా చూస్తూ, చూపుకు అందని చోట్లన్నిటి దగ్గరా ఎర్ర స్కెచ్‌పెన్నుతో చుక్క పెట్టాను. సిలికాన్ ఇరుక్కునేది సరిగ్గా అక్కడే. గద వెనుక సందును పుట్టీతో నింపి, తడి సూదితో నునుపు చేసి, లోపలికి పోయేకొద్దీ ఇరుకయ్యేలా వాలు ఇచ్చి, దానిని పంచె కుచ్చెళ్లుగా తీర్చాను. రంగు వేశాక అది పూడ్చిన చోటని ఎవరూ పోల్చలేరు. చెవిపోగు మాత్రం లొంగలేదు. ధూల్‌పేటలో పెద్ద గణపతులకు చేతులు అతికించినట్లు, దానిని విడిగా పోసి అతికిస్తున్నాను.

అచ్చు మొదటి సగం పోయడానికి బొమ్మను గీత వరకూ పాతిపెట్టే మట్టిలో గంధకం ఉండకూడదు. అది తగిలితే ప్లాటినం రకం సిలికాన్ గట్టిపడక జిగటగానే మిగులుతుంది. హైదరాబాదు మే ఎండల్లో పుట్టీ త్వరగా బిగుస్తుంది కనుక కొద్దికొద్దిగా కలుపుకోవడం మేలు.

రెక్కలు చాచిన బొమ్మలకు ఈ పద్ధతి చాలకపోవచ్చు. లోహపు పోతకు వాడే వల్కనైజ్ చేసిన (వేడితో గట్టిపరిచిన) రబ్బరు అచ్చులు మరింత బిరుసుగా ఉంటాయి కాబట్టి, వాటికి వాలు ఇంకా ఎక్కువ కావలసి రావచ్చు.